పులిసిన గాలి

తలకి ఒకటే, అన్నాడు రోంబౌట్.
వాళ్ల తాత నాటి నుంచీ అదే లెక్క.
శనివారం పొద్దున తొమ్మిదికి
బీరు కొట్టం తలుపు సగమే తెరుస్తాడు,
డబ్బు తర్వాత, ముందు మొహం చూస్తాడు.

నాకు మూడు కావాలి.
అందుకని తలలు అప్పు తెచ్చుకున్నాను.
ఒకటి నాది.
ఒకటి పళ్ల డాక్టరమ్మ హాడెవిక్‌ది.
జన్మలో చుక్క ముట్టని మనిషి,
మంచులో గొడుగు పట్టుకుని
దొంగతనానికొచ్చినట్టు నిలబడింది.
మూడోది చర్చి గంటలు కొట్టే లీవెన్‌ది.
సగం సీసా తనకని
వరసలో ఉండగానే బేరం పెట్టాడు.

"ఎవరికి?" అన్నాడు రోంబౌట్.
"ఆర్గన్ బాగుచేసినతనికి. పుట్టినరోజు."
"ఆ నార్వే మనిషికా?"
చేతిలో సీసా కింద పెట్టి లోపలికెళ్లాడు.
ఎంతకీ రాడు.
వెనక ఇరవైమంది నన్ను తిట్టుకున్నారు,
ఫ్లెమిష్‌లో కొందరు, ఫ్రెంచిలో కొందరు.

మా లోయలో బీరుకి ఎవరూ తోడు పెట్టరు.
కాచిన గోధుమ నీళ్లు వెడల్పాటి రాగి తొట్టెలో పోసి
రాత్రంతా కిటికీలు తీసి ఉంచుతారు.
ఏ చెర్రీ తోట మీంచి వచ్చిన గాలో,
ఏ దూలానికి పట్టిన బూజో,
అదే తోడు.
మిగతాది పీపాలో చీకటి చూసుకుంటుంది.

ఆడ్‌వార్ వచ్చిన చలికాలం
చర్చి ఆర్గన్ గొట్టాలన్నీ విప్పి
గడ్డి మీద పడుకోబెట్టాడు, వరసగా, పొడుగు ప్రకారం.
ఒక్కోదాన్నీ ఎత్తి ఊది చూసేవాడు.
ఆ ఊపిరి ఎటు పోయిందో నాకు తెలుసు.
సాయంత్రం నా బస్సులో, ఆఖరి ట్రిప్పులో,
కొట్టం దగ్గర దిగేవాడు.
మొదటి గుక్కకి "తడిసిన గుర్రం" అన్నాడట.
రెండో గుక్కకి మాట్లాడలేదు.
మూడో గ్లాసుకి ఆ గుర్రం పేరడిగాడట.

రోంబౌట్ వచ్చాడు, మోకాళ్లకి సాలెగూళ్లతో.
మూడు సీసాల మీదా సుద్దతో
ఆ చలికాలం గుర్తు.
డబ్బు తీసుకున్నాడు గానీ లెక్కపెట్టలేదు.

ఉన్ని మేజోళ్లలో దోపాను ఒక్కోదాన్నీ,
మా ఆయన పాత స్వెటరు చుట్టాను,
ఊపితే చప్పుడు రాకూడదు.
పోస్టాఫీసు పిల్ల కాగితం తోసింది: లోపలేముంది?
మద్యమని రాస్తే సరిహద్దులో ఆగిపోతుంది.
అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు.
"వాయిద్య భాగాలు, మూడు" అని రాసి
సంతకం పెట్టాను.

పందొమ్మిదో రోజు ఫోన్.
"నేను మానేసి నాలుగేళ్లయింది.
నీకు చెప్పలేదు కదూ."
నేను కుర్చీ వెతుక్కున్నాను.
"పారబోశావా?"
"పారబోస్తానా? బిరడా తీసి వాసన చూశాను.
మీ గుర్రం ఇంకా ఆరలేదు."

పక్కింటి సినొవేని పిలిచాడట,
పడవలకి రంగులేసే ఆవిడ, గట్టి మనిషి.
ఆవిడ ఒక గుక్క తాగడం,
ఇతను సీసా లాక్కుని అంచు మీద ఊదడం,
కాదు, ఇంకొంచెం,
ఇంకో గుక్క,
ఆగు ఆగు, సగం గుక్కే,
ఆ. చాలు.
అర్ధరాత్రి దాకా మూడు సీసాలూ
మూడు మట్టాలకి దిగాయి.
సినొవే సోఫాలోనే నిద్రపోయింది.

"విను" అన్నాడు.

మొదటిది బొంగురుగా, ఓడరేవులో ఓడ కూతలా.
రెండోది దాని భుజమ్మీద చెయ్యేసినట్టు.
మూడోది కొంచెం జారింది.
మా కుక్క తల ఎత్తింది.

"అది శ్రుతి తప్పింది" అన్నాను, ఏదో ఒకటి అనాలని.
"మీ చర్చిలో ఎడమ నుంచి నాలుగోది కూడా అంతే.
సరిచెయ్యగలిగీ వదిలేశాను.
ఎవరైనా అడుగుతారనుకున్నాను."

ఇరవై ఆరేళ్లుగా ప్రతి ఆదివారం
దాని కిందే కూర్చుంటున్నాను.

రేపు లీవెన్ గుమ్మంలో నిలబడతాడు,
సగం సీసా బాకీ కోసం.
ఏ సగమని చెప్పను?